‘లెర్నింగ్ కర్వ్’ అన్న మాట - దాని సరియైన వాడుక

అనుభవం వలన మనిషి నేర్చుకొంటాడన్న సంగతిని ప్రతి భాషా తనకు తోచిన రీతిలో చెప్పుకొన్నది. తెలుగులో ‘అనగా అనగా రాగం, తినగా తినగా రోగం’ అంటాము. పాలు త్రాగి నోరు కాల్చుకొన్నవాడు మజ్జిగను కూడా ఊదుకొని త్రాగుతాడని ఉర్దూ సామెత. ఈ సామెతలను అపార్థం చేసికొన్నవారు నాకింతవరకు తారసపడలేదు. రాగం, పాలు, మజ్జిగ అందరూ ఎరిగినవే కదా. అయితే ఇదే విషయం చెప్పడానికి నేడు ఇంగ్లీషులో విరివిగా వాడుకలోనున్న ‘లెర్నింగ్ కర్వ్’ అన్న మాట సంగతి వేరు. అది పొలం గట్టు మీదనో వంటింటిలోనో పుట్టిన మాట కాదు. ప్రయోగశాలలో, గ్రాఫు కాగితం మీద పుట్టినది. ఆ కాగితాన్ని ఎన్నడూ చూడనివారి నోట కూడా ఇప్పుడది నలుగుతున్నది. మ్యాచి ఓడిపోయిన జట్టు కెప్టెను తమ కుర్రవాళ్ళకు అది ‘మంచి లెర్నింగ్ కర్వ్’ అంటాడు. ఉద్యోగ ప్రకటనలలో, ప్రాజెక్టు రిపోర్టులలో, కంప్యూటరు పుస్తకాల ముందుమాటలలో ఈ మాట లేని పుట అరుదు.

చిక్కు అంతా దానికి ముందు ‘స్టీప్’ అన్న విశేషణం చేరినప్పుడు వస్తుంది. ‘ది న్యూ మెషీన్ హాజ్ ఎ స్టీప్ లెర్నింగ్ కర్వ్’ అన్న వాక్యాన్ని ఏ డిగ్రీ తరగతిలోనైనా నల్లబల్ల మీద వ్రాసి అర్థం అడిగి చూడవచ్చును. గణితం చదివిన విద్యార్థి, ఆ యంత్రాన్ని త్వరగా నేర్చుకోవచ్చునని చెప్తాడు. తక్కినవారిలో చాలామంది, దానిని నేర్చుకొనుట మిక్కిలి కష్టమని చెప్తారు. ఒకే వాక్యానికి రెండర్థాలుండుట సాహిత్య విద్యార్థులకు క్రొత్త గాదు. శ్లేష మనకు అలంకారమే. కాని శ్లేషలో కవి రెండర్థాలనూ ఎరిగి వాడుతాడు. ఇక్కడ వ్రాసినవాడు ఒకటి తలచి, చదివినవాడు దానికి సరిగా ఎదురైన దానిని గ్రహిస్తున్నాడు.

దీని వలన నష్టం లేకపోలేదు. మా విద్యార్థి ఒకడు కొన్నేండ్ల క్రిందట ఉద్యోగానికి దరఖాస్తు చేస్తూ తన గుణగణాలలో ఒకటిగా ‘ఐ హావ్ ఎ స్టీప్ లెర్నింగ్ కర్వ్’ అని వ్రాసినాడు. తాను ఏ పనినైనా ఇట్టే పట్టుకొంటానని చెప్పుట అతని ఉద్దేశం. ఇంటర్వ్యూలో కూర్చున్న పెద్దమనిషి ఒకరు నవ్వుతూ, ‘అయితే నీకు పని నేర్పుట అంత కష్టమా?’ అని అడిగినారట. పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలో చదివి, ఎంతో పట్టుదలతో ఇంగ్లీషు నేర్చుకొన్న పిల్లవాడు ఆ ప్రశ్నకు నోరు మెదపలేక తిరిగి వచ్చినాడు. నా దృష్టిలో అతడు వ్రాసిన వాక్యం శాస్త్రరీత్యా అంత అసంబద్ధమేమీ కాదు. అడిగినవారి ప్రశ్న వాడుక రీత్యా తప్పూ కాదు. ఈ మాట పుట్టుపూర్వోత్తరాలు అతనికి తెలిసియుంటే రెండు ముక్కలలో సమాధానం చెప్పి, ఆ గదిలో ఉన్నవారి మెప్పును పొంది యుండేవాడు. ఆ రెండు ముక్కలేమో చూద్దాము.

జర్మను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లో జ్ఞాపకశక్తిని గురించి ఒక గ్రంథం ప్రకటించినాడు. ఆయన ప్రయోగాలన్నీ తన మీదనే చేసికొన్నవి. అర్థం లేని అక్షరకూటములను సుమారు రెండువేల మూడువందలు తయారు చేసికొని, వాటిని వరుసలుగా పేర్చి వల్లె వేయుట, మరచిపోవుట, మరల వల్లె వేయుట, ప్రతిసారీ ఎంత కాలం పట్టినదో లెక్క వ్రాసికొనుట ఆయన నిత్యకృత్యం. అర్థం ఉన్న పద్యాలైతే అర్థమే జ్ఞాపకానికి ఊతమిచ్చి లెక్కను చెడగొట్టునని ఆయన భయం. నేర్చిన గంట తరువాత చూచుకొంటే, మరల నేర్చుకొనుటలో ఆదా అయిన శ్రమ 44 శాతం మాత్రమే. ఒకరోజు గడచిన తరువాత 34 శాతం, నెల తరువాత 21 శాతం. దీనిని గ్రాఫుగా గీస్తే రేఖ మొదట నిట్టనిలువుగా దిగి, పిదప క్రమంగా సమతలమవుతుంది. ఇదే ప్రసిద్ధమైన విస్మృతి వక్రరేఖ. ఇక్కడ ఒక విషయాన్ని గుర్తుంచుకోవలెను. ఈ రేఖ మొదట నిటారుగా ఉన్నదంటే మరచిపోవుట కష్టమని ఎవరూ అర్థం చెప్పుకోరు. మరపు వేగంగా జరుగుతున్నదనే అంటారు. రేఖ యొక్క వాలు వేగానికి గుర్తు. కష్టానికి గాని సుఖానికి గాని గుర్తు కాదు.

నేర్చుకొనుటకు సంబంధించిన రేఖలను గీసినవారిలో అమెరికాకు చెందిన విలియం లో బ్రయన్, నోబుల్ హార్టర్ అను ఇరువురు ముఖ్యులు. ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన వీరు 1897లోను, 1899లోను టెలిగ్రాఫు నేర్చుకొనువారిని గురించి రెండు పరిశోధనా వ్యాసాలు ప్రకటించినారు. హార్టరు స్వయంగా టెలిగ్రాఫు పని తెలిసినవాడు. మనదేశంలో టెలిగ్రాం సేవ 2013 జులైలో నిలిచిపోయినది కనుక నేటి విద్యార్థులకు ఆ కట్టకట్ట శబ్దం తెలియదు. ఒక్కొక్క అక్షరానికి కొన్ని పొట్టి మ్రోతలు, కొన్ని పొడుగు మ్రోతలు. వాటిని మీట నొక్కి పంపవలెను, అవతలివాడు చెవితో విని వ్రాసికొనవలెను. బ్రయన్, హార్టరులు అభ్యాసకులను వారం వారం పరీక్షించి, నిమిషానికి ఎన్ని అక్షరాలు పంపగలుగుతున్నారో, ఎన్ని అక్షరాలు గ్రహించగలుగుతున్నారో గుర్తించి గ్రాఫులు గీసినారు. అడ్డముగా వారాలు, నిలువుగా అక్షరాలు. పంపుటకు సంబంధించిన రేఖ మొదట చురుకుగా లేచి, పోను పోను చదునైనది. గ్రహించుటకు సంబంధించిన రేఖ మాత్రం కొంత దూరం లేచి, ఆగి, ఎన్నో వారాలు ఉన్నచోటనే ఉండి, తరువాత ఒక్కసారిగా మరల లేచినది. ఆ నడిమి చదునునే వారు ‘ప్లేటో’ అన్నారు. గ్రీకు తత్త్వవేత్తకు దీనితో ఏ సంబంధమూ లేదు. పీఠభూమి అని అర్థం. మన బి.ఇడి. పాఠ్యగ్రంథాలలో కూడా దీనిని అభ్యసన పీఠభూమి అనే అంటున్నారు.

ఆ ఆగిపోవుటకు వారు చెప్పిన కారణం భాషాభ్యాసకులు అవశ్యం తెలిసికొనదగినది. మొదటి దశలో నేర్చుకొనువాడు అక్షరం తరువాత అక్షరం వింటాడు. కొంతకాలానికి అక్షరాలను కాక పదాలను వినుట అలవాటవుతుంది. ఆ పిమ్మట పదబంధాలను, వాక్యాలను ఒకే వినికిడిలో పట్టుకొంటాడు. క్రింది మెట్టు అలవాటు పూర్తిగా స్వాధీనం కానంతవరకు పై మెట్టు అలవాటు ఏర్పడదు. కాబట్టి రేఖ చదునుగా ఉన్న వారాలలో లోపల ఏమీ జరుగుట లేదనుకొనుట పొరపాటు. ఈ వాదాన్ని తరువాతివారు యథాతథంగా అంగీకరించలేదన్నది కూడా చెప్పవలెను. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మోర్సు సంకేతాల శిక్షణలో పాలుపంచుకొన్న ఫ్రెడ్ కెల్లరు 1958లో ఒక వ్యాసం వ్రాసి, ఈ పీఠభూమి అందరిలోను తప్పక కనిపించునది కాదని, దానిని ఒక భ్రమగానే తలచవచ్చునని వాదించినాడు. ఏమైనను, అందరికీ వచ్చినా కొందరికే వచ్చినా, వచ్చినవారికి అది శాశ్వతం కాదన్నది మాత్రం బ్రయన్, హార్టరుల గ్రాఫులలోనే కనిపిస్తున్నది.

మన పట్టణాలలోని టైపు ఇన్‌స్టిట్యూట్లకు వెళ్ళినవారికి ఇదంతా వేరే చెప్పనక్కరలేదు. మొదటి వారాలలో వ్రేళ్ళు ఒక్కొక్క అక్షరాన్నే వెదకుకొంటాయి. కొన్ని వారాలకు చూడకుండ కొట్టుట వస్తుంది. లోయరు పరీక్షకు కావలసిన నిమిషానికి 30 మాటల వేగం దగ్గర పడుతున్నదనగా ఎంతోమందికి వేగం ఆగిపోతుంది. రోజూ అదే పాఠం, అదే వేగం. ఆ సమయంలో ఇంటివారు ‘డబ్బు దండుగ’ అని మాన్పించిన పిల్లలున్నారు, ముఖ్యంగా ఆడపిల్లలు. వారి రేఖ అక్కడితో ముగిసినదని అనలేము. గీయుట మాత్రమే మానివేసినారు.

ఇంతవరకు చూచిన గ్రాఫులలో నైపుణ్యం నిలువుగాను, కాలం అడ్డంగాను ఉన్నది. నిటారు రేఖకు అర్థం తక్కువ కాలంలో ఎక్కువ నైపుణ్యం. అయితే అందరూ ఇట్లే గీయలేదు. ఎడ్వర్డ్ థార్నడైక్ 1898లో పిల్లులను చిక్కుపెట్టెలలో పెట్టి, అవి గడియ తీసికొని బయటపడుటకు ఎంత సేపు పడుతున్నదో లెక్కించినాడు. విద్యాశాస్త్రం చదివినవారందరికీ తెలిసిన యత్నదోష సిద్ధాంతానికి మూలం ఈ ప్రయోగమే. ఇక్కడ అడ్డముగా ఉన్నది ప్రయత్నాల సంఖ్య, నిలువుగా ఉన్నది బయటపడుటకు పట్టిన కాలం. పిల్లి నేర్చుకొన్న కొలది కాలం తగ్గుతుంది కనుక రేఖ పైకి గాక క్రిందికి దిగుతుంది. వాలు హెచ్చుగా ఉన్నదంటే పిల్లి త్వరగా గ్రహించినదన్న మాట. థార్నడైకు గీసిన రేఖలు చాలావరకు కొంచెం కొంచెంగా, హెచ్చుతగ్గులతో దిగినవి. పిల్లి ఆలోచించి ఉపాయం కనుగొన్నట్లయితే రేఖ ఒక్కసారిగా కూలవలసినది, అట్లు కాలేదు కనుక ఇది ఆలోచన కాదు, అలవాటు అని ఆయన నిర్ణయించినాడు. అంటే ఒక శాస్త్ర నిర్ణయమంతా రేఖ వాలు మీదనే ఆధారపడినది.

కర్మాగారాలలోనికి ఈ రేఖను తెచ్చినవాడు అమెరికను విమాన ఇంజనీరు టి. పి. రైట్. విమానాలను కనిపెట్టిన రైటు సోదరులకు ఇతడు వేరు. 1936లో ప్రకటించిన వ్యాసంలో ఆయన చెప్పినది చాల సులభమైన లెక్క. తయారైన విమానాల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ ఒక్కొక్క విమానానికి పట్టు సగటు శ్రమ 80 శాతానికి దిగుతుంది. ఉదాహరణకు మొదటి విమానానికి 1000 గంటల శ్రమ పట్టినదనుకొందాము. రెండు పూర్తియగుసరికి సగటు 800 గంటలు, నాలుగింటికి 640, ఎనిమిదింటికి 512. ఇంకొక కర్మాగారంలో ఈ తగ్గుదల ప్రతి రెట్టింపుకు 90 శాతానికే అయితే, ఎనిమిది పూర్తియగుసరికి సగటు ఇంకా 729 గంటల వద్దనే ఉంటుంది. ఈ రెండింటిలో మొదటి కర్మాగారం రేఖనే ఇంజనీర్లు ‘స్టీప్’ అంటారు, ప్రశంసాపూర్వకంగా. 1960లలో బోస్టన్ కన్సల్టింగ్ గ్రూపు అను సలహా సంస్థ ఇదే సూత్రాన్ని శ్రమకు మాత్రమే గాక మొత్తం ఖర్చుకు వర్తింపజేసి ‘ఎక్స్‌పీరియన్స్ కర్వ్’, అనగా అనుభవ రేఖ అని పేరు పెట్టినది. ఇటీవలి దశాబ్దాలలో సూర్యరశ్మితో విద్యుత్తును పుట్టించు పలకల వెల, మొత్తం ఉత్పత్తి రెట్టింపైన ప్రతిసారీ సుమారు 20 శాతం తగ్గుతూ వచ్చినదనగా ఈ రేఖను చూపియే చెప్తారు.

రైటు లెక్కలో నాకు మిక్కిలి నచ్చినది మరొకటి ఉన్నది. ఆయన అనుభవాన్ని సంవత్సరాలతో కొలువలేదు, చేసిన పనితో కొలిచినాడు. ఒకటి నుండి రెండుకు రెట్టింపగుట ఒక విమానంతో అయిపోతుంది. వేయి నుండి రెట్టింపగుటకు ఇంకొక వేయి కావలెను. క్రొత్తగా చేరినవాడు కండ్లముందే మెరుగుపడుట, చేయి తిరిగినవాడు ఎంతో పని చేసినగాని కొంచెం మెరుగుపడుట ఇందువలననే. మన సర్వీసు రిజిస్టర్లలో అనుభవం ఏండ్లలోనే వ్రాయబడుతున్నది. ఆ ఏండ్లలో ఎన్ని విమానాలు తయారైనవో వ్రాయు గడి మాత్రం అందులో లేదు.

ఇట్లు శాస్త్రజ్ఞులు ఎటు తిప్పి గీసినా నిటారు రేఖకు అర్థం త్వరితమైన అభివృద్ధియే. మరి లోకవ్యవహారంలో ఇది తలక్రిందులెట్లయినది? కారణం ఊహించుట కష్టం కాదు. గ్రాఫు చూడనివాడు ‘స్టీప్’ అన్న మాట వినగానే గుట్టను తలచుకొంటాడు. గోల్కొండ కోటలో బాలా హిస్సారు వరకు మండుటెండలో ఎక్కినవానికి నిటారు దారి అంటే ఏమిటో మోకాళ్ళే చెప్తాయి. రేఖ పోయి గుట్ట వచ్చినది. వేగం పోయి ఆయాసం వచ్చినది. ఇరువదవ శతాబ్ది చివరి దశాబ్దాలలో, అందులోను కంప్యూటర్లు కార్యాలయాలలో ప్రవేశించిన కాలంలో, ఈ రెండవ అర్థమే జనసామాన్యంలో స్థిరపడినది. నేటి ఇంగ్లీషు నిఘంటువులు దీనిని తప్పు అని త్రోసివేయుట లేదు. వాడుక గెలిచిన చోట వ్యాకర్త తల వంచవలసినదే. తెలుగులో వ్యావహారిక వాదం నెగ్గిన కథ తెలిసిన మనం దీనికి నొచ్చుకోనక్కర లేదు.

అయితే ఇది కేవలం మూఢత్వం వలన కలిగిన తారుమారు అని కొట్టివేయుటకు కూడా నేను ఒప్పుకోను. రెండర్థాలనూ ఒక చోట కలుపు మార్గం ఒకటి ఉన్నది. శాస్త్రజ్ఞుని రేఖ జరిగిపోయిన దానిని చూపుతుంది: ఇంత కాలంలో ఇంత నేర్చుకొన్నాడు. లోకుల రేఖ జరుగవలసిన దానిని చూపుతుంది: ఇంత కాలంలో ఇంత నేర్చుకొనవలసి యున్నది. క్రొత్తగా చేరిన నర్సు మూడు వారాలలో వార్డు పనియంతా తెలిసికొనవలెను. అడ్డముగా ఉన్నది మూడు వారాలే. నిలువుగా ఉన్నది కొండంత పని. అటువంటి రేఖ నిటారుగానే ఉంటుంది, ఎక్కువారికి ఆయాసమూ కలుగుతుంది. ఆమె దానిని నిజంగా ఎక్కగలిగితే, అదే రేఖ శాస్త్రజ్ఞుని అర్థంలో కూడా నిటారైనదే. ఒకరు ఆమె ముందున్న బరువును చూచినారు, మరొకరు ఆమె సాధించిన వేగాన్ని చూచినారు.

ఈ దృష్టితో చూస్తే ఎక్కడ ఈ పదబంధం పొసగుతుందో, ఎక్కడ పొసగదో తేలికగానే తెలుస్తుంది. ‘ఐ ఫేస్డ్ ఎ స్టీప్ లెర్నింగ్ కర్వ్ ఇన్ ద ఫస్ట్ మంత్’ అనుట నిర్దుష్టం. మొదటి నెలలోనే చాలా నేర్చుకోవలసి వచ్చినదని అర్థం. నర్సు గాని, గుమాస్తా గాని, క్రొత్త లెక్చరరు గాని ఇట్లు చెప్పవచ్చును. ఇరువది ఏండ్లు కూర్చుంటే గాని పట్టుబడని వీణకో, సితారుకో ‘స్టీప్’ అను విశేషణాన్ని తగిలించుట ఏ అర్థంలోను కుదరదు. కొంచెం కొంచెంగా ఏండ్ల తరబడి సాగునది నిటారు కాదు, దీర్ఘం. దానికి ‘లాంగ్’ అన్న మాట ఉండనే ఉన్నది. ‘దేర్ ఈజ్ ఎ లెర్నింగ్ కర్వ్’ అనవచ్చును, అనగా అలవాటు పడుటకు కొంత వ్యవధి కావలెనని. ‘ఐ లెర్న్‌డ్ ఎ లెర్నింగ్ కర్వ్’ అనరాదు. రేఖను ఎవరూ నేర్చుకోరు, రేఖ మీద నడుస్తారు. క్రికెట్టు కెప్టెను ఓటమిని ‘లెర్నింగ్ కర్వ్’ అనుట వాడుకలో చెల్లిపోతున్నది గాని, ఒక్క మ్యాచి ఒక్క చుక్క మాత్రమే. ఒక్క చుక్కతో రేఖను గీయుట యూక్లిడుకు కూడా సాధ్యం కాలేదు.

ఇక మనిషికి ఈ విశేషణాన్ని తగిలించుట. మా విద్యార్థికి చిక్కు వచ్చినది ఇక్కడనే. యంత్రానికి, పనికి, ఉద్యోగానికి లెర్నింగ్ కర్వ్ ఉన్నదనుట ఇంగ్లీషు వాడుక. ‘నాకు ఉన్నది’ అని గుణంగా చెప్పుకొంటే వినువానికి అది లోపంగా తోచవచ్చును. త్వరగా నేర్చుకొనువానికి ఇంగ్లీషులో ‘క్విక్ లెర్నర్’ అన్న సాదా మాట ఉన్నది. దరఖాస్తులో దానిని వాడుట క్షేమం. ఆ సాదా మాటతో ఆగక, ఏ పనిని ఎన్ని నెలలలో నేర్చుకొన్నదీ ఒక వాక్యంలో చెప్పగలిగితే మరింత మేలు. అప్పుడు గ్రాఫునకు కావలసిన రెండు కొలతలూ చదువువాని చేతిలో ఉంటాయి. అర్థశాస్త్రంలోనో, మనస్తత్వ శాస్త్రంలోనో ప్రాజెక్టు రిపోర్టు వ్రాయువారు మాత్రం నిలువు కొలత ఏదో, అడ్డు కొలత ఏదో చెప్పక ‘స్టీప్’ అన్న మాటను ముట్టుకొనరాదు. 2020లో కోవిడు మహమ్మారి కాలంలో ‘రేఖను చదును చేయుట’ అన్న మాట ఇంటింటా వినబడినది. అక్కడ చదును కోరదగినది. ఎందుకనగా నిలువుగా ఉన్నది రోగుల సంఖ్య. చదువు విషయంలో అదే చదును మనలను దిగులు పెడుతుంది. రేఖకు స్వతహాగా మంచి చెడు లేవు, పక్కనున్న కొలతను బట్టి వస్తాయి.

తెలుగులో దీనిని ఏమనవలెనన్న ప్రశ్న మిగిలి ఉన్నది. పాఠ్యగ్రంథాలలోని ‘అభ్యసన వక్రరేఖ’ శాస్త్ర రచనలకు సరిపోతుంది. కాని వ్యవహారంలో వక్రమనగానే మనకు వంకర బుద్ధియే స్ఫురిస్తుంది. సాహిత్యవేత్తలకు కుంతకుని వక్రోక్తి స్ఫురించవచ్చును, అక్కడ వక్రత గుణమే. అయినా అది ఈ సందర్భానికి పనికిరాదు. ఉర్దూలో కర్వ్‌కు గణిత గ్రంథాలలోని మాట ‘మున్‌హనీ’. అదే మాటను బక్కపలుచని, వంగిపోయిన మనిషికి కూడా వాడుతారు. కనుక ‘సీఖ్‌నే కా మున్‌హనీ’ అంటే నేర్చుకొని నేర్చుకొని చిక్కి శల్యమైన విద్యార్థి కనబడే ప్రమాదమున్నది, పరీక్షల కాలంలో అది అంత అసత్యమూ కాకపోవచ్చును. పత్రికలలో కొందరు ‘నిటారైన అభ్యసన వక్రరేఖ’ అని మాటకు మాట పెట్టి అనువదిస్తున్నారు. ఆ మూడు మాటలను వరుసగా చదివిన తెలుగువానికి ఏ చిత్రమూ కండ్లకు కట్టదు. గ్రాఫు లేని చోట గ్రాఫు మాటను మోసుకొని వచ్చుట దండుగ శ్రమ. ‘కొద్ది కాలంలో చాలా నేర్చుకోవలసి వచ్చినది’ అంటే తెలుగు; ‘థోడే అర్సే మే బహుత్ కుఛ్ సీఖ్‌నా పడా’ అంటే ఉర్దూ. నర్సయినా గుమాస్తా అయినా తమ ఇంటిలో చెప్పుకొనునప్పుడు ఈ మాటలే చెప్తారు.